ఇరవై మూడున్నర అంగుళాలు

డీజిల్ కాలనీ నుంచి తెచ్చిన్రు,
పాత దుప్పట్ల చుట్టి, జరమొచ్చిన పిల్లను తెచ్చినట్టు.
విప్పితే బేస్ గిటార్.
నిలబెడితే నా నడుము దాటలే.
టేపు పెట్టి చూసిన:
గుర్రం కాడి నుంచి మెడ కొసన ఉన్న ఎముక దాక
ఇరవై మూడున్నర అంగుళాలు.
మళ్లొకసారి పెట్టిన. అంతే.

"తాతయ్య చేసిండు" అన్నది నిస్సి.
తొమ్మిదేండ్ల పిల్ల, ముందుపళ్లు రెండూ కొత్తవి.
తాత ఏలియా లోకోషెడ్డుల వడ్రంగి పని చేసి దిగిపోయినోడు.
మనవరాలి చెయ్యి కొలిచి మెడ చెక్కిండట,
మెట్లు కొట్టిండట,
తీగల వరకు వచ్చేసరికి కండ్లు మసకబారినయట.
"ఆదివారం ఆరాధనకు కావాలె అంకుల్."
ఆరోజు గురువారం.

దుకాణంలున్న తీగలు పొడుగు బేసులవి,
ముప్పై నాలుగు అంగుళాలకు పుట్టినయి.
మొదలు అవే ఎక్కించిన.
బిరడ తిప్పంగ తిప్పంగ శ్రుతి వచ్చింది గాని
లావు తీగ దండెం లెక్క ఊగవట్టె,
మెట్లకు తగిలి గలగల,
మూత సరిగ పడని గిన్నె ఉడికినట్టు.
పొడుగు మూడోవంతు తగ్గితె
బిగువు సగానికి సగం పోతది.
ఈ లెక్క నాకు బడిల చెప్పలే,
మా బాపు జమిడికె చెప్పింది.

ఎల్లమ్మ కథకు బాపు పోతుంటె
పరకాల దాక, ములుగు దాక వెనకాల నడిచెటోన్ని.
ఒకటే నరం.
గుంజితె ఏడ్చేది, వదిలితె గొణిగేది.
శ్రుతి ఎక్కడుంటది బాపూ అంటే
పిడికిలి చూపెటోడు.

శుక్రవారం హన్మకొండ చౌరస్తకు పోయి లావుది తెచ్చిన.
నూట ముప్పై. అయిదు తీగల బేసుకు అడుగున పడుండేది.
ఎముక గాడిని ఆకురాయితోని వెడల్పు చేసిన,
బిరడ రంధ్రంల పట్టకపోతే
పై చుట్టు రెండంగుళాలు విప్పిన.
కోసే ముందు తీగను వంచాలె.
వంచకుండ కోస్తే లోపలి నరం జారి
తీగంతా సప్పబడుతది.
ఎన్ని పైసలు పోగొట్టుకొని నేర్చుకున్ననో అది!
బిగిసింది. బాగ బిగిసింది.
మీటితె
గోనెసంచి మీద కట్టెతోని కొట్టినట్టు
దబ్బుమన్నది, అంతే.
తీగ కాదది, సలాక.

శనివారం పొద్దుగాల
రెండింటి నడుమది దొరికింది, నూట పది.
ఇంకా జర ఊగులాట ఉన్నది,
ఇగ ఇంతకంటే నాతోని కాదు అనుకున్న.

నిస్సి వచ్చి రంగు డబ్బా బోర్లేసుకొని కూసున్నది.
కొట్టు బిడ్డా అన్న.
కొట్టలే.
బొటనవేలి మెత్తటి కండను తీగకు ఆనించి
మెడకు దగ్గర, అట్ల వదిలింది.
గలగల లేదు.
గూడ్సు బండి దూరంగ వంతెన ఎక్కుతున్నప్పుడు
కాజీపేటల మన కాళ్ల కింద నేల అంటది చూడు,
ఆ మాట.
"మెల్లగ అంటే పలుకుతుంది అంకుల్,
గుద్దితే అలుగుతది."
రెండు రోజుల సంది నేను గుద్దుతున్న.

పన్నెండో మెట్టు మీద ఒక పిసరు ఎక్కువ పలుకుతున్నది.
గుర్రాన్ని మర కొస దాక వెనక్కి జరిపిన,
ఇగ జాగ లేదు.
చెప్పాల్నా వద్దా అనుకుంటుంటె
"తెలుసు" అన్నది, "ఆడ వేలు అలకగ పెడత."

తాత నాలుగొందలు పంపిండు.
తీగలకే పన్నెండొందలు దాటినయి.
నాలుగొందలు లెక్కబెట్టి తీసుకున్న,
ఏలియాకు ఊరికే చేసినట్టు ఉండొద్దని.

షట్టరు సగం దించి
కింద పడ్డ ముక్కలు ఏరుతుంటె
మొలకు వేలాడుతున్న బాపు జమిడికె కనపడ్డది.
నరం తెగి ఎన్నేండ్లాయెనో.
నూట పది ముక్కను కట్టి చూసిన.
తోలు ఒప్పుకోలే, కొద్దిగ చిరిగింది కూడ.
విప్పేసిన.
సన్నది ఏదన్న ఉన్నదేమోనని
డబ్బాలు వెతుకుతున్న.